ఊళ్లు కలవక్కర్లేదు, పనులు కలిస్తే చాలు

చిన్న పట్టణాల్లో సేవా పనులు చేసేవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి, మొదట వచ్చే మాట ఒకటే: "మనుషులు దొరకట్లేదండీ." పక్క ఊరికి వెళ్లి అడిగినా అదే మాట. ఆ పై ఊళ్లోనూ అదే. అయిదారు కిలోమీటర్ల ఎడంలో నాలుగైదు పట్టణాలుంటాయి. అన్నింటిదీ ఒకే ఏడుపు, కానీ ఎవరి ఏడుపు వాళ్లదే. ఈ తరానికి సేవాభావం లేదు, అందరూ ఫోన్లలో మునిగిపోయారు అని నిట్టూర్చి మీటింగ్ ముగిస్తారు.

నాకీ మాట మీద నమ్మకం లేదు. వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రోజున ఇదే తరం మోకాలి లోతు బురదలో దిగి ముసలివాళ్లను భుజాల మీద మోసుకొస్తుంది. అర్ధరాత్రి రక్తం కావాలని ఫోన్ వస్తే బండి తీసుకుని బయల్దేరేదీ వీళ్లే. మనుషులున్నారు. మరి వాళ్లను మనం ఏ పనికి వాడుకుంటున్నాం? ఇలాంటి సంఘాల్లో తిరిగిన అనుభవంతో చెబుతున్నాను, తమకున్న కొద్దిమంది ఓపికలో చాలా భాగాన్ని చిన్న పట్టణాలు ఓ వృథా పనికి ఖర్చు చేస్తున్నాయి. పక్క ఊరు ఇప్పటికే చేసిపెట్టిన పనిని మళ్లీ మొదటి నుంచీ చేస్తున్నాయి.

ఒక సంఘం నడవాలంటే కంటికి కనిపించే పని కొంతే ఉంటుంది. పిల్లలకు చదువు చెప్పడం, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను పలకరించి రావడం, చెరువు గట్టు శుభ్రం చేయడం లాంటివి. దాని వెనకాల ఉండే చాకిరీ వేరు. చందాలకు రసీదులు రాయాలి, ఏడాదికోసారి లెక్కలు తనిఖీ చేయించాలి, హాలు కోసం అనుమతి తేవాలి, ఎవరికి ఏ రోజు కుదురుతుందో కనుక్కుని డ్యూటీ చార్ట్ వేయాలి, చక్రం ఊడిన వీల్‌చెయిర్‌ను బాగుచేయించాలి, కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పాలి. ఈ పనుల మీద ప్రేమతో సంఘంలో చేరేవాళ్లు దాదాపు ఉండరు. పాఠాలు చెబుదామని ఉత్సాహంగా వచ్చిన అమ్మాయి ఆరు నెలలు తిరిగేసరికి రసీదు పుస్తకాల ముందు కూర్చుని ఉంటుంది. ఏడాది తిరిగేసరికి రావడం మానేస్తుంది. ఆమె ఎందుకు మానేసిందని ఎవరూ అడగరు, "ఈ కాలం పిల్లలు" అని సరిపెట్టుకుంటారు.

పెద్ద నగరంలో ఈ భారం వందల మందికి పంచుకుపోతుంది. చిన్న పట్టణంలో అదే నలుగురి నెత్తిన పడుతుంది. లైబ్రరీ కార్యదర్శీ ఆయనే, రక్తదాన శిబిరం పెట్టేదీ ఆయనే, శ్మశానం బాగుచేయించే కమిటీలోనూ ఆయనే. ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలైతే మూడు సంఘాలు ఒకేసారి కుంటుతాయి.

ఇంత విన్నాక చాలామందికి తట్టే ఉపాయం, "అయితే అయిదు ఊళ్లకూ కలిపి ఒకే పెద్ద సంఘం పెట్టేద్దాం." అధికారులకూ దాతలకూ ఈ ఆలోచన మరీ ఇష్టం, ఒకరితో మాట్లాడితే సరిపోతుంది కదా. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఎందుకో చెప్పడానికి జపాన్‌లోని ఒక చిన్న పట్టణం దగ్గరికి వెళ్లాలి.

1995 జనవరి 17 తెల్లవారుజామున కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. భూకంప కేంద్రానికి దగ్గరలో, అవాజి దీవి ఉత్తర భాగంలో, హొకుదాన్ అనే చిన్న పట్టణం ఉండేది. ఇళ్లు కూలి శిథిలాల కింద చిక్కుకున్న మూడు వందల మంది దాకా జనాన్ని అక్కడి స్వచ్ఛంద అగ్నిమాపక దళం, ఇరుగుపొరుగు కలిసి బయటికి తీశారు. ఆ రోజు సాయంత్రానికల్లా గాలింపు పూర్తయింది. వాళ్ల దగ్గర గొప్ప యంత్రాలేమీ లేవు. ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో, ముసలమ్మ ఏ గదిలో పడుకుంటుందో వాళ్లకు తెలుసు. కాబట్టి ఎక్కడ తవ్వాలో తడుముకోలేదు. ఈ రకం తెలివిడి ఏ కేంద్ర కార్యాలయం రికార్డుల్లోనూ ఉండదు. రోజూ ఆ వీధిలో నడిచేవాళ్ల దగ్గరే ఉంటుంది. పాతికవేల మందికి కలిపి ఒకే కమిటీ వేస్తే మొట్టమొదట పోయేది ఇదే.

ఆ హొకుదాన్ ఇప్పుడు విడిగా లేదు. 2005లో చుట్టుపక్కల మరో నాలుగు పట్టణాలతో కలిపి అవాజి నగరంగా మార్చారు. అప్పట్లో జపాన్ అంతటా అదే ఊపు. 1999లో 3,232గా ఉన్న స్థానిక పాలక సంస్థలు 2010 నాటికి 1,727 అయ్యాయి. జనాభా తగ్గిపోవడం, ఖజానా ఖాళీ కావడం లాంటి కారణాలు వాళ్లకు ఉన్నాయి, వాటిని తీసిపారేయలేం. పన్నుల ఖాతాలను ఒకచోట చేర్చవచ్చు. పొరుగింటి మీద ఉండే పట్టింపును అలా చేర్చడం కుదరదు.

ఇలాగే వదిలేస్తే నా మాట ఉత్త సెంటిమెంటులా వినిపిస్తుంది. అందుకని ఎలినోర్ ఆస్ట్రమ్‌ను పిలుస్తాను. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఉమ్మడి చెరువులు, అడవులు, పచ్చిక బయళ్ల మీద ఆమె చేసిన పని చాలామందికి తెలుసు. అంతకుముందు ఆమె పోలీసుల మీద చేసిన పరిశోధన గురించి తక్కువమందికి తెలుసు. 1970ల మొదట్లో అమెరికాలో అందరిదీ ఒకే మాట: చిన్న చిన్న పోలీసు శాఖలు దండగ, అన్నీ కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది, పని మెరుగవుతుంది. ఆస్ట్రమ్ తన విద్యార్థులతో ఇండియానాపొలిస్ వెళ్లింది. సొంత పోలీసులున్న బీచ్ గ్రోవ్, లారెన్స్, స్పీడ్‌వే అనే మూడు చిన్న ఊళ్లను, వాటిని ఆనుకునే ఉండి పెద్ద నగర పోలీసుల కింద నడిచే అలాంటి పేటలతో పోల్చింది. చిన్న ఊళ్ల పోలీసులే జనానికి త్వరగా అందుతున్నారని, బాగా సాయపడుతున్నారని తేలింది. తర్వాత పరిశోధన 80 మహానగర ప్రాంతాలకు పెరిగింది. అక్కడ తేలిన విషయం ఇంకా ఆసక్తికరం. గస్తీ తిరగడం, పిలిస్తే రావడం లాంటి పనుల్లో చిన్న, మధ్యస్థ శాఖలదే పైచేయి. నేర పరిశోధన ల్యాబ్, రేడియో సమాచార వ్యవస్థ, శిక్షణ లాంటివి మాత్రం పెద్ద ఎత్తున, ఉమ్మడిగా నడిస్తేనే లాభం.

సేవా సంఘాలకు దీన్నలాగే వర్తింపజేయాలన్నదే నా వాదన. మనిషికి మనిషి ఎదురుపడే పని ఏ ఊరిది ఆ ఊళ్లోనే, ఆ ఊరి పేరుతోనే ఉండాలి. వెనకాల చాకిరీ మొత్తాన్ని అయిదు ఊళ్లూ కలిపి ఒకచోట పెట్టుకోవాలి.

రక్తదానాన్నే తీసుకుందాం. ఏ ఊరి సంఘం ఆ ఊళ్లో వార్షికోత్సవమో పెద్దల జయంతో చూసుకుని శిబిరం పెడుతుంది. చాలాసార్లు రెండు ఊళ్ల శిబిరాలు ఒకే వారంలో పడతాయి, తర్వాత రెండు మూడు నెలలు ఎక్కడా ఏమీ ఉండదు. ఎర్ర రక్తకణాలు ఎంత చల్లగా దాచినా 42 రోజులకు మించి పనికిరావు. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులు, మహా అయితే వారం. పైగా ఒకసారి రక్తం ఇచ్చిన మనిషి మళ్లీ ఇవ్వాలంటే ఆయా దేశాల నియమాలను బట్టి సుమారు రెండు నుంచి నాలుగు నెలలు ఆగాలి. అంటే ఒకే వారంలో రెండు శిబిరాలు పెట్టి పేపర్లో రెండు ఫొటోలు వేయించుకున్నాక, రెండు నెలల తర్వాత ప్రమాదానికి గురైనవాడికి వాటివల్ల ఒరిగేది తక్కువ. అదే నాలుగు ఊళ్లు మాట్లాడుకుని, ఒక్కో ఊరు నాలుగు నెలలకోసారి చొప్పున వంతులు వేసుకుంటే ఆ ప్రాంతంలో ప్రతి నెలా ఒక శిబిరం ఉంటుంది. అదనంగా ఒక్క వాలంటీరు కూడా అక్కర్లేదు. ఒక క్యాలెండర్, నాలుగు ఫోన్లు చాలు. ఇంత తేలికైన పని ఎందుకు జరగట్లేదో తర్వాత చెబుతాను.

సామానూ అంతే. వీల్‌చెయిర్లు, స్ట్రెచర్లు, నీళ్లు తోడే పంపు, టెంట్లు, జనరేటర్: ఏడాదిలో కొద్ది రోజులే వాడతాం, మిగతా కాలం స్టోర్ రూములో దుమ్ము పడుతుంటాయి. ఒక ఊళ్లో మూడు వీల్‌చెయిర్లు ఖాళీగా ఉన్నప్పుడు పక్క ఊళ్లో ఒకటి కొనడానికి చందాలు వసూలు చేస్తుంటారు. ఎవరి దగ్గర ఏముందో రాసిన ఒక్క కాగితం అయిదు ఊళ్లకూ అందుబాటులో ఉంటే చాలు, వస్తువులు ఎక్కడున్నవి అక్కడే ఉండొచ్చు.

శిక్షణ సంగతి ఇంకా ముఖ్యం. గుండె ఆగి పడిపోయిన మనిషికి ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని వైద్యుల లెక్క. అంబులెన్స్ దూరం నుంచి రావాల్సిన చిన్న పట్టణంలో పక్కనున్నవాడికి ఆ పని వచ్చా రాదా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. అయితే ఆరుగురు పోగయ్యే ఊరికి శిక్షకులు రారు. అయిదు ఊళ్ల నుంచి ముప్పై మందిని పోగుచేస్తే వస్తారు. నేర్చుకున్నవాళ్లు ఎవరి ఊరికి వాళ్లు తిరిగి వెళ్తారు.

లెక్కల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. పద్దులు రాసే మనిషి, తనిఖీ చేసే మనిషి ఉమ్మడిగా ఉండొచ్చు కానీ డబ్బు ఏ ఊరి ఖాతా ఆ ఊరికే ఉండాలి. మా వీధిలో ఇచ్చిన చందా మా కళ్ల ముందు ఖర్చయిందన్న తృప్తి లేకపోతే రెండో ఏడాది ఎవరూ ఇవ్వరు. ఇందులో సంకుచితత్వం ఏమీ లేదు, ఇచ్చినవాడు తన డబ్బు ఎటుపోయిందో చూడాలనుకోవడం న్యాయమే.

ఇదంతా కాగితం మీది కబుర్లు అనుకోకండి. ఆస్ట్రియాలో జీతానికి పనిచేసే వృత్తి అగ్నిమాపక దళాలున్న నగరాలు ఆరే: వియన్నా, గ్రాజ్, లింజ్, జాల్జ్‌బర్గ్, ఇన్స్‌బ్రుక్, క్లాగెన్‌ఫర్ట్. మిగతా దేశంలో మంటలార్పే భారం ప్రధానంగా స్వచ్ఛంద దళాల మీదే ఉంది. ఏ పల్లె దళం ఆ పల్లెదే. తమకు మించిన మంట అయితే పక్క ఊళ్ల దళాలు కదిలివస్తాయి, ఎవరు ఎప్పుడు రావాలో ముందే అనుకుని ఉంటారు. ఫ్రాన్స్‌లో కూడా 34 వేలకు పైగా కమ్యూన్లు, అంటే సొంత స్థానిక పాలన ఉన్న ఊళ్లు, ఉన్నాయి, సగానికి పైగా అయిదు వందల జనాభా కూడా లేనివి. ఊళ్లను రద్దు చేయకుండానే కొన్ని ఊళ్లు కలిసి నీళ్లు, కరెంటు లాంటి పనులకు ఉమ్మడి సంస్థ పెట్టుకునే వీలు అక్కడ 1890 చట్టంతోనే మొదలైంది.

మరి మన చుట్టూ ఎందుకు జరగదు? మర్యాదగా చెప్పాలంటే సమన్వయ లోపం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే బ్యానర్ మీద ఎవరి ఊరి పేరు ముందుండాలన్న పేచీ. వేదిక మీద ఎవరు కూర్చోవాలి, మైకు ముందు ఎవరికివ్వాలి, పక్క ఊరి ఆయన వచ్చి మన ఊళ్లో పెత్తనం చేయడమేంటి. రక్తదాన క్యాలెండర్ ఆగిపోయేది ఇక్కడే. నాకు వీటిని చూస్తే చిరాకు, కానీ వీటిని కొట్టిపారేయను. ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసిన మనిషికి దక్కేది ఆ కాస్త గుర్తింపే. దాన్నీ లాక్కుంటే ఆయన ఎందుకు చేయాలి?

పేచీ కంటే లోతైన కారణం ఇంకొకటుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన ఒక పరిశోధన వ్యాసంలో బోస్టన్‌లోని వెస్ట్ ఎండ్ పేట ప్రస్తావన వస్తుంది. అక్కడి జనం ఒకరికొకరు ప్రాణమిచ్చేంత దగ్గరగా ఉండేవాళ్లు. అయినా పేటను కూల్చేస్తామని నగరం ప్రకటించినప్పుడు గట్టిగా ఒక్కటై నిలబడలేకపోయారు, పేట పోయింది. గ్రానోవెటర్ ఇచ్చిన వివరణ ఏమిటంటే, వాళ్ల స్నేహాలన్నీ చిన్న చిన్న గుంపుల లోపలే బిగుసుకుని ఉన్నాయి. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు ముఖపరిచయం పాటి దారులు కూడా లేవు. అదే నగరంలో సంఘాలు, పరిచయాలు కలగలిసి ఉన్న చార్ల్స్‌టౌన్ మాత్రం అలాంటి ముప్పునే ఎదిరించగలిగింది.

మన చిన్న పట్టణాలు అచ్చం ఆ గుంపుల్లాగే ఉన్నాయి. లోపల అందరూ చుట్టాలే, బయట అందరూ పోటీదారులే. ఆ దారులు వేయగలిగినవాళ్లు ఇప్పటికే మన మధ్య తిరుగుతున్నారు. ఒక ఊళ్లో ఇల్లు, ఇంకో ఊళ్లో ఉద్యోగం ఉన్న టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు. పుట్టింది ఒక ఊళ్లో, కాపురం ఇంకో ఊళ్లో ఉన్న ఆడవాళ్లు. వీళ్లకు రెండు ఊళ్ల మంచీ చెడూ తెలుసు, రెండు చోట్లా నమ్మేవాళ్లున్నారు. కమిటీల్లో మాత్రం వీళ్లు కనిపించరు. "ఆమె మన ఊరావిడ కాదు కదా" అని ఒకచోట, "ఇక్కడ ఉండదు కదా" అని ఇంకోచోట పక్కన పెట్టేస్తారు. ఉమ్మడి పని ఎవరి చేతిలో పెట్టాలని నన్నడిగితే మొదట వీళ్ల పేర్లే చెబుతాను, అధ్యక్షుల పేర్లు కాదు.

అయిదు ఊళ్లను కలిపి నాలుగు వందల మందితో వాట్సాప్ గ్రూపు పెట్టడాన్ని కూడా కొందరు ఉమ్మడి పని అనుకుంటున్నారు. "రేపు పొద్దున ఎవరు రాగలరు?" అని మెసేజ్ పడుతుంది. బొటనవేళ్లు, దండాలు, పువ్వులు వస్తాయి. మనుషులు రారు. ఫ్రెంచి ఇంజినీరు మాక్స్ రింగెల్మన్ మనుషుల చేత బరువు లాగించి చేసిన ప్రయోగాల ఫలితాలను 1913లోనే అచ్చు వేశాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరూ పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. గుంపు పెరిగేకొద్దీ "నేను కాకపోతే ఇంకొకరు" అన్నది అంత సహజం. కాబట్టి పేరు పెట్టి పిలవాలి. "శనివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, ఫలానా పని, నువ్వు రాగలవా?" అని ఒక్కరికి ఫోన్ చేసి అడిగితే ఎక్కువమంది సరేనంటారు, కుదరనివాళ్లు కుదరదని చెబుతారు. అదీ ఉపయోగమే. పదకొండింటికి నిజంగానే వదిలేయాలి సుమా.

రానివాళ్లకు జరిమానా వేద్దామనే మహానుభావులూ ఉంటారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఒక ప్రయోగం జరిగింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితి రాలేదు. అంతకుముందు టీచరును కూర్చోబెట్టామే అని మొహమాటపడేవాళ్లు, డబ్బు కట్టాక ఆ మొహమాటం పోయింది. స్వచ్ఛందంగా నడిచే పని నిలబడేదే ఈ మొహమాటం మీద.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట. ఉమ్మడి చాకిరీ చూసుకోవడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. పూటకు కొన్ని గంటలు చేసినా సరే. "సేవకు జీతమా?" అని కోపగించుకుంటారు. జీతం సేవకు కాదు, డ్యూటీ చార్టుకు. కోబే భూకంపం తర్వాత ఏడాదిలో పది లక్షలకు పైగా జనం సాయానికి తరలివచ్చారు. జపాన్‌లో ఆ ఏడాదిని స్వచ్ఛంద సేవకు మొదటి సంవత్సరం అని చెప్పుకుంటారు. అప్పుడు కరువైంది వచ్చినవాళ్లకు ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఏర్పాటు. తర్వాతి విపత్తుల్లో స్థానిక సంక్షేమ మండళ్లు వాలంటీర్ కేంద్రాలు తెరిచి ఆ పని చూసుకోవడం అక్కడ అలవాటైంది. ఒక్క ఊరు ఒక జీతం భరించలేదు. అయిదు ఊళ్లు పంచుకుంటే భరించగలవు. అసలు ఊళ్లు చేయి కలపడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించదు.

ప్రభుత్వం చేయాల్సిన పనులన్నీ మనమే నెత్తికెత్తుకుంటే వాళ్లు చేతులు దులుపుకోరా అనే అభ్యంతరం ఒకటుంది. నిజమే, దులుపుకుంటారు. ఖాళీగా ఉన్న నర్సు పోస్టును వాలంటీర్లతో నెట్టుకొస్తే ఆ పోస్టు ఎప్పటికీ భర్తీ కాదు. అలాంటి పనులు ఒప్పుకోకూడదు. ఒక ఊరి సంఘం కాదంటే అధికారి పక్క ఊరి సంఘాన్ని పిలుస్తాడు. అయిదూ కలిసి కాదంటే వినక తప్పదు.

ఇక మిగిలేది చిన్న ఊరి సమస్య. అయిదింటిలో ఏదో ఒకటి అన్నింటికంటే చిన్నదై ఉంటుంది. అది ఎప్పుడూ తీసుకునేదే ఎక్కువ, ఇచ్చేది తక్కువ. "మా వాళ్లు ఇన్ని గంటలు చేశారు, మీ వాళ్లు ఎన్ని చేశారు" అని ఎవరో ఒకరు లెక్క తీస్తారు. గంటల లెక్క మొదలైన ఏర్పాటు ఎక్కువ కాలం నడవదు. చిన్న ఊరు ఇవ్వగలిగినవి వేరే ఉంటాయి: ఖాళీగా ఉన్న బడి హాలో, పంపు బాగుచేయగల మెకానిక్కో. అడిగితే తెలుస్తాయి.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇంతే. సమాఖ్య అని పేరు పెట్టొద్దు, లోగో వద్దు, ప్రారంభోత్సవం అసలే వద్దు. రక్తదాన క్యాలెండరో సామాన్ల జాబితానో ఒక్కటి పట్టుకుని ఒక ఏడాది నడపండి. మొదటి మీటింగ్ మాత్రం పెద్ద ఊళ్లో పెట్టొద్దు. అందరికంటే చిన్న ఊళ్లో, ఆ ఊరివాళ్లు కుదురుతుందన్న రోజున పెట్టండి. పెద్ద ఊరివాళ్లు ఎంతమంది వస్తారో చూస్తే, పని సాగుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.